అనంతపురంలో కొన్న రాచిప్ప: ఎనిమిది నెలల వాడకం తర్వాత

ఎనిమిది నెలల కిందట అనంతపురం పాతూరులోని ఒక పాత్రల దుకాణంలో రెండు లీటర్లు పట్టే రాచిప్పను, అంటే రాతితో చేసిన వంటపాత్రను, 1,400 రూపాయలకు కొన్నాను. వంట విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. చింతపండు పులుపుకు ఈ రాయి ఏమాత్రం మారదు కనుక పులుసు, పుల్లగూర అందులో నిశ్చింతగా చేసుకోవచ్చు. మంట ఆర్పిన తర్వాత కూడా చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది కాబట్టి, పులుసు దగ్గరపడక ముందే స్టవ్ కట్టేయడం మాత్రం అలవాటు చేసుకోవాలి. కొనేటప్పుడు దుకాణంలో ఎవరూ చెప్పనిది, మొదటి వారంలోనే నన్ను బాధపెట్టినది మరొకటి ఉంది: దాని మీద పడే గీతలు.

ఆ దుకాణంలో రాచిప్పలను మధ్యలో కాగితం ముక్క కూడా వేయకుండా ఒకదానిలో ఒకటి పేర్చి ఉంచారు. నేను తెచ్చుకున్న చిప్ప లోపలి అంచున చుట్టూ తెల్లటి గీతలు అప్పటికే ఉన్నాయి. పైన నూనె రాసి నల్లగా మెరిపించడం వల్ల అక్కడ అవి కంటపడలేదు, ఇంటికి వచ్చి కడిగాక బయటపడ్డాయి. మూడు కిలోలకు పైగా బరువుండే వస్తువును ఇంత నిర్లక్ష్యంగా పేర్చడం సరికాదు.

రాచిప్ప చేసే రాయి బలపపు రాయే. మన బేతంచెర్ల ప్రాంతంలోనూ ఈ రాయి దొరుకుతుంది. ఇందులోని ముఖ్య ఖనిజమైన టాల్క్ కాఠిన్యం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో 1 మాత్రమే. ఇతర ఖనిజాలు కలిసి ఉండడం వల్ల రాచిప్ప రాయి అంతకంటే కొంత గట్టిగా ఉన్నా, సుమారు 5.5 కాఠిన్యం గల స్టీలు గరిటె ముందు నిలవలేదు. పలక మీద రాసినప్పుడు బలపమే అరిగి తెల్లటి గీత మిగిలినట్లే, ఇక్కడ చిప్ప అరిగి ఆ పొడి తెల్లగా కనిపిస్తుంది. బేలూరు, హళేబీడు గుళ్ళలో హొయసల శిల్పులు నగల పూసలను సైతం విడివిడిగా చెక్కగలిగింది ఈ జాతి రాతి మెత్తదనం వల్లనే కనుక, దీన్ని లోపమని అనలేను.

స్టీలు గరిటె మాని చెక్క గరిటె, చెక్క పప్పుగుత్తి వాడడం అందరికీ తోచేదే. నేను ఆలస్యంగా గుర్తించినది దుమ్ము సంగతి. ఆషాఢపు గాలికి మన ఇళ్ళలోకి వచ్చే దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం 7, అంటే స్టీలు కంటే ఎక్కువ. గట్టు మీద ఆరేసిన గుడ్డతోనే చిప్పను తుడిచిన రోజుల్లో బయటి వైపున జుట్టు దువ్విన జాడల్లాంటి గీతలు పడ్డాయి. ఇప్పుడు ముందు నీళ్ళతో కడిగి, తర్వాతే విదిలించిన మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. తోమడానికి కొబ్బరి పీచు, శీకాయ పొడి చాలు. స్టవ్ కడ్డీల మీద చిప్పను జరపకుండా రెండు చేతులా ఎత్తి పెట్టాలి, దించాక కడప బండ మీద నేరుగా కాకుండా చుట్టకుదురు మీద ఉంచాలి.

ఇప్పటికే పడిన గీతల గురించి కంగారు అవసరం లేదు. ఫిన్లాండ్‌లో ఇదే జాతి రాతితో ఇల్లు వెచ్చబరిచే కట్టెల పొయ్యిలు కడతారు. అటువంటి పొయ్యిల మీది గీతలను సన్నని ఉప్పు కాగితంతో రుద్ది పోగొట్టవచ్చు. నేనూ అదే చేశాను. గోరు తగులుకోనంత పైపై గీతలైతే నూనె రాస్తేనే కలిసిపోయాయి. లోతైన రెండింటిని 220 నంబరు కాగితంతో, ఆ తర్వాత 400 నంబరు కాగితంతో గుండ్రంగా రుద్దాను. పొడి లేచి ముక్కులోకి పోకుండా రాయిని తడిపి రుద్దడం ముఖ్యం. రుద్దిన చోటు బూడిద రంగుకు తిరిగింది కానీ, బాగా కడిగి ఆరబెట్టి, నాలుగు రోజులు వరుసగా వేరుశనగ నూనె పలుచగా పూసి తుడిచేసరికి చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోయింది. నూనె మందంగా వదిలేస్తే జిగురు కట్టి వాసన వస్తుంది.

ఆ దుకాణంలో సరుకుకు మంచి మార్కులే వేస్తాను, పేర్చే తీరుకు, కొనేవారికి చెప్పే జాగ్రత్తలకు వేయలేను. మీరు వెళ్తే నూనె తుడిచి చూపమని అడగండి, ఇంటికి తెచ్చేటప్పుడు చుట్టడానికి పాత దుప్పటి ఒకటి తీసుకువెళ్ళండి. గత నెల అక్కడే నాలుగు లీటర్ల చిప్ప ఒకటి చూశాను. దాని అడుగున వెంట్రుకంత సన్నని గీత ఉంది, దుకాణదారు అది పైగీతే అన్నారు. వేలి కణుపుతో తట్టి చూస్తే మిగతా చిప్పల్లా ఖంగుమనకుండా బొంగురుగా పలికింది. అది గీత కాదు, బీట, ఏ కాగితంతో రుద్దినా పోయేది కాదు కనుక కొనకుండా వచ్చేశాను.