ఉప్పుగాలిలో బోటు, ట్రైలర్, కవరు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా అవుట్‌బోర్డ్ మోటారుతో (బోటు వెనక బయట బిగించే ఇంజిన్) పాటు వచ్చిన పుస్తకంలో చలికాలం బోటును ఎలా భద్రపరచాలో పేజీలకు పేజీలు రాశారు. నీళ్లు గడ్డకట్టే దేశాల వాళ్లకు అది అవసరమే. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఇంజిన్ లోపల కాస్త నీరు మిగిలినా అది ఉబ్బి లోహాన్ని పగలగొడుతుంది. విశాఖలో ఆ బెడద లేదు. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుందని పేపర్లో ఫొటో వచ్చిన రోజున కూడా ఇక్కడ మనకు స్వెటర్ అక్కర్లేదు. అలాగని ఆ పుస్తకం పనికిరాదని చెప్పను. అందులో కొన్ని సూచనలు ఇక్కడా బోటును కాపాడతాయి. కొన్నింటిని మాత్రం మన ఊళ్లో పాటిస్తే బోటు పాడవుతుంది. ఏది ఏదో వాడి తెలుసుకున్నాం కాబట్టి, కొత్తగా బోటు కొనేవాళ్ల కోసం రాస్తున్నాను.

మాది 18 అడుగుల ఫైబర్ బోటు, కార్బురేటర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ మోటారు. నేనూ మా బావా కలిసి కొన్నాం. సాగర్ నగర్‌లో ఇంటి ఆవరణలో ట్రైలర్ మీదే ఉంటుంది. వీలున్న ఆదివారాల్లో బొలెరోకు తగిలించి భీమిలి తీసుకెళ్లి, గోస్తనీ సముద్రంలో కలిసే వైపు నీళ్లలోకి దింపుతాం. వంజరం పడితే ఆ రోజు ఇంట్లో పండగే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, అప్పుడు బోటు పూర్తిగా ఒడ్డునే. మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల రోజుల్లో విడతలు విడతలుగా ఆపుతాం. అంటే మన బోటు ఎక్కువకాలం కదలకుండా ఉండేది నడివేసవి ఎండలో, ఉక్కలో.

ముందు ట్రైలర్ సంగతి. మొదట వాడింది పెయింట్ వేసిన ఇనుప ట్రైలర్. ఫ్రేమంతా నాలుగు పలకల గొట్టాలతో చేసింది. పైకి నున్నగా మెరుస్తూనే ఉండేది గానీ గొట్టం లోపలికి చేరిన ఉప్పునీరు బయటికి వచ్చే దారి లేక లోపల్నుంచే తినేసింది. ఒకరోజు స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే అట్ట మీద గుచ్చినట్టు దిగిపోయింది. ఇప్పుడున్నది హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే ఫ్రేమ్ మొత్తాన్ని కరిగిన జింకులో ముంచి తీసింది. పైగా తెరిచి ఉన్న సి ఛానెల్ కాబట్టి పైపుతో నీళ్లు కొడితే ప్రతి మూలా కడగొచ్చు. ఖరీదు బాగా ఎక్కువే. అయినా సముద్రపు నీళ్లలో దిగే ట్రైలర్‌కు వేరే రకం కొనొద్దని గట్టిగా చెబుతాను. ఆకు స్ప్రింగుల బోల్టులు, బోటును ట్రైలర్ మీదికి లాగే విన్చ్ గేరు మాత్రం ఇందులోనూ తుప్పు పడుతున్నాయి. వాటికి గ్రీజు పూస్తూ ఉండాల్సిందే.

చక్రాల బేరింగుల గురించి అమ్మేవాళ్లెవరూ చెప్పరు. రోడ్డు మీద నడిచి వచ్చిన హబ్, అంటే చక్రం మధ్యలో బేరింగులు ఉండే భాగం, వేడిగా ఉంటుంది. అలాగే నీళ్లలో దింపితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుపోతుంది, దాంతో సీల్ పక్కనుంచి ఉప్పునీటిని లోపలికి లాగేస్తుంది. భీమిలి చేరగానే మేం టీ తాగి, సామాన్లు సర్దుకుని, హబ్ మీద చెయ్యి పెట్టి చూసి, చల్లారాకే దింపుతాం. స్ప్రింగుతో గ్రీజును లోపలికి నెడుతూ ఉండే మూతలు వేయించాం, అవి బాగా పనిచేస్తున్నాయి. నిషేధం రోజుల్లో జాకీతో లేపి ట్రైలర్‌ను కాంక్రీటు దిమ్మల మీద నిలబెడతాం. టైర్ల మీద బరువు ఉండదు. ఎండ పడకుండా వాటికి పాత గోనెసంచులు చుడతాం.

ఇక కవరు. దీని మీద నాకు చాలా పట్టింపు ఉంది. మొదట కొన్న నీలం రంగు ప్లాస్టిక్ టార్పాలిన్ ఒక్క వేసవికే పీలికలైంది. తాడు కట్టే రింగుల దగ్గర మొదలై గాలికి చిరుగుతూ పోయింది. ఆ చిన్న చిన్న ముక్కలు బోటులోని డ్రెయిన్ రంధ్రంలో ఇరుక్కున్నాయి. తర్వాత ఒక షాపువాళ్లు, విదేశాల్లో ఇలాగే చేస్తారంటూ, గాలి చొరబడకుండా బోటంతా ప్లాస్టిక్ పొర చుట్టించుకోమన్నారు. పొడి చలి ఉన్న చోట అది సరిపోతుందేమో. ఇక్కడి గాలిలో ఎప్పుడూ తేమే. పగలు లోపల వేడెక్కి ఆవిరవుతుంది, రాత్రి ఆ ఆవిరే పొర లోపలి వైపు నీటి చుక్కలై కారుతుంది. అలా చుట్టించిన ఒక తెలిసినాయన బోటు విప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. లైఫ్ జాకెట్లు, సీట్లు, తాళ్లు అన్నీ బూజు. స్విచ్చుల కింద పచ్చటి చిలుము. ఆయన ముఖం చూస్తే బాధేసింది.

ఇప్పుడు మేం వాడేది లారీల మీద కప్పే రకం మందపాటి పీవీసీ టార్పాలిన్. కొలతలు ఇచ్చి కుట్టించుకున్నాం. పెట్టుబడికి తగిన వస్తువు ఏదంటే ముందు దీని పేరే చెబుతాను. మధ్యలో పొడవునా వెదురు బొంగు కట్టి దాని మీద ఇంటి కప్పులా రెండు వైపులా వాలుగా వేస్తాం. ముందూ వెనకా జానెడు ఖాళీ వదిలి, ఎలుకలు దూరకుండా ఆ ఖాళీకి దోమతెర లాంటి గట్టి జాలీ కుట్టించాం. కవరు అంచు బోటు ఒంటికి రాసుకోకూడదు, గాలికి ఊగి ఊగి ఫైబర్ మీది పై పూత, జెల్‌కోట్ మెరుపు పోతుంది. రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కలు కట్టాం. కవరు మధ్యలో గుంట పడితే మాత్రం ప్రమాదం. పది చదరపు మీటర్ల మేర పది సెంటీమీటర్ల వాన నీరు నిలిస్తే ఒక టన్ను బరువు. బొంగు కట్టి వాలుగా వేసేది అందుకే. డ్రెయిన్ ప్లగ్గు కూడా తీసేసి, బోటు ముక్కు కాస్త పైకి ఉండేలా ట్రైలర్ ముందు చక్రాన్ని లేపి పెడతాం. లోపలికి నీళ్లు చేరినా వెనక నుంచి కారిపోతాయి.

మోటారుకు మంచినీటి స్నానం గురించి జాలారిపేట మెకానిక్ ఒకాయన మొదటి రోజే చెప్పాడు: "ఉప్పు ఎండకముందే కడిగేయండి బాబూ, ఎండిందంటే గీకినా రాదు." మోటారును చల్లబరిచేది సముద్రపు నీరే కదా. ఆ సన్నటి దారుల్లో నీరు ఎండి ఉప్పు పేరుకుంటే థర్మోస్టాట్ బిగుసుకుపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. నీళ్లు పీల్చే చోట రెండు వైపులా తగిలించే రబ్బరు మఫ్స్ కొన్నాం. వాటికి కుళాయి పైపు కలిపి, న్యూట్రల్‌లో పది నిమిషాలు నడుపుతాం. మఫ్స్ దొరకని వాళ్లు పెద్ద డ్రమ్ములో మోటారు కాలు, అంటే కింది భాగం, ముంచి నడపొచ్చు, నీరు పీల్చే రంధ్రాలు పూర్తిగా మునగాలి, అంతే. నీళ్లు లేకుండా మాత్రం ఒక్క క్షణం కూడా స్టార్ట్ చేయొద్దు, పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది. తీరం పక్కన చాలా ఇళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ప్రయోజనం లేదు, కార్పొరేషన్ కుళాయి నీళ్లే వాడాలి. కడిగాక మోటారును నిలువుగా దించి ఉంచితే లోపలి నీరంతా దానంతటదే కారిపోతుంది. చలి దేశాల పుస్తకం కూడా ఇదే చెబుతుంది. అక్కడ పగుళ్ల భయంతో, ఇక్కడ తుప్పు భయంతో. యాంటీఫ్రీజ్ పోయాలన్న పేజీ మాత్రం మనకు అవసరం లేదు.

మోటారు గేర్ ఆయిల్ కూడా చూసుకోవాలి. కింది స్క్రూ విప్పినప్పుడు ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా వస్తే సీల్ దెబ్బతిని నీరు చేరినట్టు. వెంటనే సీల్ మార్పించాలి. నిషేధం ముందే ఇది చూసుకుంటే మెకానిక్‌కూ తీరిక దొరుకుతుంది. జూన్ రెండో వారంలో వెళ్తే అందరూ ఆయన చుట్టూనే ఉంటారు. మోటారుకు బిగించి ఉండే జింకు ముక్క తాను అరిగిపోతూ మిగతా లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది, అది సగం అరిగితే మార్చేయాలి. దాని మీద పెయింట్ వేయకూడదు, వేస్తే అది చేసే పని ఆగిపోతుంది.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే రెండు నెలలు ఆపేటప్పుడు ట్యాంకులో మిగిలినది స్కూటర్‌లో పోసేసి, కార్బురేటర్ గిన్నెలోది కూడా దించేస్తాం. బోటులో చుక్క ఇంధనం ఉంచకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2023 నవంబరు 19 అర్ధరాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలంటుకుని దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. బోట్లలోని డీజిలు, గ్యాస్ సిలిండర్లతో ఆ మంటలు ఇంకా పెరిగాయి. ఒక్కో బోటు ఎన్ని కుటుంబాల తిండో ఈ ఊరివాళ్లకు తెలుసు. మాది చిన్న బోటే అయినా ఇళ్ల మధ్య ఉంది. బ్యాటరీ తీగలు కూడా విప్పే ఉంచుతాం.

తుపాను విషయంలో కవరు మీద నా ప్రేమంతా పక్కన పెట్టాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి ఎంత పని చేసిందో విశాఖలో ఉన్నవాళ్లు ఎవరూ మరిచిపోలేదు. పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు పెరిగిందని వినగానే కవరూ బొంగూ విప్పి ఇంట్లో పెట్టేస్తాం. కట్టి ఉంచిన కవరు తెరచాపలా గాలి పట్టి బోటునే పడగొడుతుంది. డ్రెయిన్ తెరిచి, చక్రాలకు అడ్డు దిమ్మలు వేసి, నేలలో పాతిన ఇనుప కొక్కేలకు బోటునూ ట్రైలర్‌నూ విడివిడిగా బెల్టులతో బిగిస్తాం. ఆ కొక్కేలకు కాంక్రీటు పోయించిన ఖర్చు చిన్నదే. వాటి వల్ల తుపాను రాత్రుల్లో మాకు టెన్షన్ చాలా తగ్గింది.

ట్రైలర్‌లో నాకు నచ్చని భాగం వెనక లైట్లు. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఇచ్చారు గానీ ఉప్పునీళ్లలో నాలుగుసార్లు దిగేసరికి తీగల జాయింట్లు నల్లబడి ఆరిపోయాయి. మార్పించినా అదే వరస. చివరికి లైట్లను ఫ్రేము నుంచి పూర్తిగా తీసేయించి, బోటు వెనక కొక్కేలకు తగిలించే విడి చెక్కకు బిగించాం. భీమిలిలో దింపే ముందు ఆ చెక్క తీసి బొలెరోలో పెడతాం, తిరుగు ప్రయాణంలో మళ్లీ తగిలిస్తాం. కొత్తగా ట్రైలర్ చేయించుకునేవాళ్లు మొదటి నుంచే ఇలా అడిగి చేయించుకోండి.