రాళ్ల దగ్గరికా, తెర ముందుకా?

డిగ్రీలో భూశాస్త్రం ప్రాజెక్టు అనగానే రెండు దారులు కనిపిస్తాయి. సుత్తి పట్టుకుని కొండెక్కడం ఒకటి, ఉపగ్రహ చిత్రాలు డౌన్‌లోడ్ చేసుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం ఇంకొకటి.

రెండోదానికి ఖర్చు దాదాపు లేదు. 1972 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీస్తున్న చిత్రాలు 2008లో అందరికీ ఉచితమయ్యాయి. తీరం ఎంత కోసుకుపోయింది, హిమానీనదం ఎంత వెనక్కి తగ్గింది లాంటి ప్రశ్నలకు ఒక్క సెమిస్టర్‌లో జవాబు రాబట్టొచ్చు. చిక్కల్లా పిక్సెల్‌తోనే. ల్యాండ్‌శాట్ 8 చిత్రాల్లో చాలా బ్యాండ్లకు, అంటే విడివిడిగా నమోదు చేసే కాంతి పట్టీలకు, ఒక్కో పిక్సెల్ నేల మీద 30 మీటర్లు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల్లో ఎంత మెరుగైనా 10 మీటర్లే. తీరం ఏడాదికి రెండు మీటర్లు జరుగుతుంటే, మూడు నాలుగేళ్ల చిత్రాలు పక్కపక్కన పెట్టినా కనిపించేది మార్పో, కొలతలో పొరపాటో తేల్చడం కష్టం. ఆటుపోట్ల వేళ చూసుకోకపోతే ఇక చెప్పక్కర్లేదు.

ఫీల్డ్ వర్క్ మొండిది. వాన పడితే ఆ రోజు పోయినట్టే. కంపాస్‌తో పొరల దిశ, వాలు కొలవడం చేతికి అలవాటయ్యేసరికే రోజులు గడిచిపోతాయి. తెచ్చిన రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టడం మరో తతంగం. కానీ ఏ పొర మీద ఏ పొర కూర్చుందో కళ్లారా చూసి నోట్‌బుక్‌లో గీసుకున్నవాళ్లకు తమ డేటాలో ఎక్కడ అనుమానపడాలో తెలుస్తుంది. తెర మీద భ్రంశం (రాతి పొరలు చీలి పక్కకు జరిగిన చోటు) అనుకున్న తిన్నని గీత, దగ్గరికెళ్తే పాత రోడ్డే కావచ్చు!

గడువు మూడు నెలలే అయితే నేను తెర వైపే మొగ్గుతాను, కనీసం రెండు రోజులు ఆ చోటికి వెళ్లి చూసి రావాలన్న షరతుతో. ఏడాది ఉంటే మాత్రం సుత్తే.