బోర్డు మీద ప్రకృతి వ్యవసాయం: చిత్తూరు మామిడితోటలో ఒక బస

జూన్ రెండో వారంలో తిరుపతి నుంచి బయలుదేరి కాణిపాకంలో దర్శనం చేసుకునే వరకు ఏ ఇబ్బందీ కలగలేదు. రాయవలసినదంతా బంగారుపాళ్యం వైపు మేము దిగిన మామిడితోట బస గురించే.

గదికి రాత్రికి 3,500 రూపాయలు, ‘ప్రకృతి వ్యవసాయ క్షేత్ర సందర్శన’ పేరుతో మనిషికి మరో 300 తీసుకున్నారు. అక్కడే దిగాలని పట్టుబట్టినవాడు మా బావ. నాసిక్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో, వైన్ తీయగా మిగిలిన ద్రాక్ష పిప్పిని కుళ్లబెట్టి తిరిగి ఆ తీగల మొదళ్లకే ఎరువుగా వేయడం చూసినవాడు కనుక, మన మామిడిలోనూ అటువంటి పద్ధతేదో చూపిస్తారని ఆశపడ్డాడు. మాకు కనిపించినవి మిట్టమధ్యాహ్నం స్ప్రింక్లర్లతో తడుస్తున్న పచ్చిక, కలుపు మందుకు మాడిపోయిన గడ్డి, ఒక మూల మామిడాకులు తగలబెట్టిన బూడిద. ద్వారం దగ్గర ‘జీవామృతం’ (పేడ, గోమూత్రంతో చేసే ద్రవ ఎరువు) అని రాసిన పీపా ఉంది గాని, మూత తీస్తే అడుగున కాస్త వాననీరు తప్ప ఏమీ లేదు. భోజనంలో పెట్టిన పళ్లు పైకి ఒకే తీరు పసుపుతో మెరుస్తూ, కోస్తే టెంక దగ్గర తెల్లగా, పుల్లగా ఉన్నాయి. ఈ తోటవేనా అని అడిగితే, మార్కెట్ నుంచి తెప్పించామని మేనేజరు నిస్సంకోచంగా చెప్పాడు. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషిద్ధమని, పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువుకే అనుమతి ఉందని మా అక్క అతనికి పాఠం చెబుతున్నంతసేపూ బావ కంచంలోంచి తలెత్తలేదు.

మరునాడు రోడ్డు పక్కన కాయలు అమ్ముతున్న ఒక రైతు, అడగగానే, రుసుము మాటే లేకుండా తన తోటకు తీసుకెళ్లాడు. వానలకు ముందే చల్లిన నవధాన్యాల మొక్కలు సాళ్ల మధ్య మోకాలెత్తున ఉన్నాయి. వాటిని అక్కడే కోసి, రాలిన ఆకుతో కలిపి నేలకు కప్పుతాడు. పది కిలోల పేడ, పది లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి 200 లీటర్ల నీటిలో కలిపిన అసలు జీవామృతం వాసన దూరం నుంచే తెలిసింది. కొమ్మలకు పండు ఈగలను పట్టే బుట్టలు వేలాడుతున్నాయి.

అయినా మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ దగ్గర తోతాపురి రకం కాయను ఎలా పండించినా ధర ఒకటే. 2025లో ఫ్యాక్టరీల వాటా 8, ప్రభుత్వ వాటా 4 కలిపి కిలోకు 12 రూపాయలుగా నిర్ణయించినప్పుడు కూడా ఈ శ్రమకు అదనంగా పైసా రాలేదు. "గేటు కాడ తూకమే గానీ, ఏం పోసి పెంచినావని అడిగేవాళ్లు లేరు సామీ" అన్నాడు. ఆయనకు దక్కని ఆ ‘ప్రకృతి వ్యవసాయం’ పేరుకే పక్క బసవాళ్లు 3,500 వసూలు చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆయన బంగినపల్లిని మాత్రం తిరుపతిలోని అపార్టుమెంట్లకు నేరుగా కిలో 80కి ఇస్తాడు. మేము పది కిలోలు తీసుకున్నాము. వాళ్లింట్లో పెట్టిన రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి ఈ యాత్ర మొత్తానికి మంచి భోజనం.

వెళ్లదలచినవారు చిత్తూరు పట్టణంలో 1,200 రూపాయల లాడ్జిలో దిగి, పగలు తోటలు చూడడం మేలు. తోటలోనే దిగాలనుకుంటే, రాలిన ఆకును ఏం చేస్తారో, భోజనంలో పెట్టే పళ్లు ఎక్కడివో ఫోనులోనే అడిగి, ఆ తర్వాతే అడ్వాన్సు పంపండి.