జట్టుకు ఇంప్రావ్ ఆటలు: ‘అవును, ఇంకా’ మేలా, అద్దం ఆట మేలా?

ఇంప్రావ్ ఆటలతో, అంటే రాసిపెట్టుకున్న సంభాషణలు లేకుండా అప్పటికప్పుడు అల్లుకునే నాటక అభ్యాసాలతో, ఉద్యోగుల మధ్య మాట కలుస్తుందన్న విషయంలో ఇప్పుడు పెద్దగా వాదన లేదు. శిక్షణ ఏర్పాటు చేసేవారు పదేపదే అడుగుతున్న ప్రశ్న వేరు. చేతిలో ఒక్క పూటే ఉన్నప్పుడు దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలి? ఎదుటివారి మాటను స్వీకరించి దానికి మరొకటి జోడించే ‘అవును, ఇంకా’ అభ్యాసానికా, ఎదురెదురుగా నిలబడి ఒకరి కదలికను మరొకరు అనుసరించే అద్దం ఆటకా?

‘అవును, ఇంకా’ బలం కాదనలేనిది. “మేడ మీద కూరగాయల తోట పెడదాం” అని ఒకరంటే, “అవును, ఆ టమాటాలు మన క్యాంటీన్‌కే ఇద్దాం” అని మరొకరు అందుకుంటారు. “అది కుదరదు” అన్న మాటతోనే చర్చ మొదలయ్యే జట్లకు ఈ అలవాటు నిజంగా మేలు చేస్తుంది, కొత్త ఆలోచన కనీసం రెండు నిమిషాలు బతికి ఉంటుంది. 1959లో షికాగోలో మొదలైన సెకండ్ సిటీ వంటి రంగస్థల సంస్థలు ఇటువంటి అభ్యాసాలను కంపెనీల శిక్షణలోకి తీసుకురావడానికి కారణం కూడా ఇదే.

అయితే మన కార్యాలయాల్లో నాకు కనిపించే ఇబ్బంది వేరు. మేనేజరు ఏమన్నా “సరే సార్” అనడానికి అలవాటుపడిన ఉద్యోగి ఈ ఆటలో కూడా ‘అవును’ దగ్గరే ఆగిపోతాడు, ‘ఇంకా’ అతని నోట రాదు. పైగా సన్నివేశంలో ఒక ఊహను స్వీకరించడం వేరు, పనిలో ఒక నిర్ణయాన్ని ఒప్పుకోవడం వేరు. సాఫ్ట్‌వేర్‌లో లోపం చూసిన టెస్టరు “ఇది ఇప్పుడు విడుదల చేయకూడదు” అని చెప్పి తీరాలి. శిక్షకులు ఈ తేడాను ముందే స్పష్టం చేయకపోతే తలూపే అలవాటుకే మరింత బలం చేకూరుతుంది.

అందుకే నా మొగ్గు అద్దం ఆట వైపు. దీన్ని తీర్చిదిద్దిన అమెరికా రంగస్థల శిక్షకురాలు వయోలా స్పోలిన్ షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ తన ఆటలను రూపొందించారు. 1963లో వాటిని పుస్తకంగా వెలువరించారు. మెప్పు కోసం ఆరాటం, తప్పుపడతారన్న భయం మనిషిని బిగుసుకుపోయేలా చేస్తాయన్నది ఆమె గట్టి నమ్మకం. ఆటలో ఇద్దరూ మాట లేకుండా నిలబడతారు, ఒకరు చేయి ఎత్తుతారు, మరొకరు అద్దంలోని బింబంలా అదే క్షణంలో ఎత్తాలి. నడిపించే వ్యక్తి చేయి విసురుగా తిప్పితే బింబం వెంటనే తడబడుతుంది, ఆ తడబాటుకు బాధ్యత నడిపించే వ్యక్తిదే. ఎదుటివారు అందుకోగలిగే వేగంలో కదలాలంటే వారి ముఖం వైపు చూడక తప్పదు. గడువులు ప్రకటించి వెళ్లిపోయే టీమ్ లీడ్‌కు ఈ సంగతి ఉపన్యాసం కంటే తొందరగా ఒంటబడుతుంది. కాసేపటికి పాత్రలు మారతాయి, చివరకు ఎవరూ నడిపించకుండా ఒకరినొకరు అనుసరించాలి. అప్పుడు బయటి నుంచి చూసేవారికి ఎవరు ముందు కదులుతున్నారో తెలియకూడదు.

ఇక్కడ హోదా అడ్డు రాకపోవడమే నా దృష్టిలో నిర్ణాయకమైన అంశం. మాట తడబడుతుందన్న భయం లేదు, ఇంగ్లీషు ధారాళంగా రానివారు వెనుకబడరు, చమత్కారం తెలిసినవారికి అదనపు మార్కులు పడవు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో నటుడు అలన్ ఆల్డా చొరవతో 2009లో ఏర్పడిన విజ్ఞాన ప్రసార కేంద్రం శాస్త్రవేత్తలకు ఇదే ఆట నేర్పుతుంది, శ్రోత అందుకుంటున్నాడా లేదా అని గమనించడం వారికీ అవసరమే కనుక.

ఇక మిగతా పద్ధతులు. ఇంప్రావ్ గురువు కీత్ జాన్‌స్టన్ హోదా అభ్యాసాలు, అంటే ఎవరు పైవారు, ఎవరు కిందివారు అన్నది నటనలో మార్చి చూసే ఆటలు, లోతైనవే కానీ, పై అధికారి మనస్ఫూర్తిగా సిద్ధపడినప్పుడే, రెండో విడతలో పెట్టడం మంచిది. ఒకే సూచన నుంచి అనేక సన్నివేశాలను అల్లే హారల్డ్ వంటి దీర్ఘరూపాలు రంగస్థలానికి తగినవి, ఒక పూటలో ఒదగవు. బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు అగస్తో బోల్ రూపొందించిన, ప్రేక్షకులే వేదికెక్కి కథను మార్చే ఫోరం థియేటర్ ఉద్దేశమే వేరు, అది అన్యాయాన్ని ఎదుర్కోవడానికి పుట్టింది.

ఒక పూటలో సగానికి పైగా అద్దం ఆటకు ఇచ్చి, మిగిలిన సమయంలో ‘అవును, ఇంకా’ ఆడించండి. అందులో మొదటి ప్రతిపాదన ప్రతిసారీ జట్టులో అందరికంటే చిన్న ఉద్యోగే చేయాలి, మేనేజరు జోడించేవారిగా ఉండాలి. మేనేజరు ఆడకుండా గోడ పక్కన కూర్చొని చూస్తానంటే ఆ రోజు కార్యక్రమాన్ని వాయిదా వేయడమే మంచిది.