నందన్ మేళా: పదికి మూడు

శాంతినికేతన్ వెళ్తున్నామంటే అందరూ డిసెంబరు చివర్లో జరిగే పౌష్ మేళాకి వెళ్లమన్నారు. మా చెల్లీ నేనూ మాత్రం దానికి మూడు వారాల ముందే వెళ్లాం, అక్కడి విశ్వభారతి విశ్వవిద్యాలయంలో కళల విభాగమైన కళాభవన్ విద్యార్థుల నందన్ మేళా కోసం. ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో జరుగుతుంది. 3న చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజు. రాజ్యాంగం మూలప్రతికి శిష్యులతో కలిసి బొమ్మలు వేసింది ఆయనే. 1973లో మొదలైన ఈ మేళాలో వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయనిధికి పోతుంది.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమాలో హౌరా చేరి, రాత్రి అక్కడే ఉండి, పొద్దున శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రెండున్నర గంటల్లో బోల్‌పూర్. అక్కడ ఆటోలకంటే టోటోలే ఎక్కువ. మనం బ్యాటరీ ఆటో అంటామే, అదే. ఎక్కకముందే బేరం కుదుర్చుకోండి. మేళా రోజుల్లో నోటికొచ్చిన రేటు చెబుతున్నారు.

స్టేషన్ దగ్గర తీసుకున్న లాడ్జి సంగతి చెప్పకపోవడమే మంచిది, కానీ చెప్పాలి. వేడినీళ్లు ఎప్పుడైనా వస్తాయన్నారు. తీరా చూస్తే పొద్దున ఆరింటికి ఒక్క బక్కెట్, దానికీ విడిగా డబ్బులు. మర్నాడే క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒకరింట్లో గదికి మారాం. అద్దె కాస్త ఎక్కువే. కానీ ఆ ఇంటావిడ లూచీ (మైదా పూరీ), ఆలూదమ్, కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ మిఠాయి పెట్టింది. ఆ బెల్లం చలికాలంలోనే దొరుకుతుందట.

ఇక మేళా. స్టాళ్లు కట్టింది పిల్లలే, అలంకరించింది పిల్లలే, అమ్మేదీ వాళ్లే. సిరామిక్ కప్పులు, బాతిక్ బట్టలు, మట్టి నగలు, డైరీలు, చేత్తో గీసిన కార్డులు ఉన్నాయి. కళాభవన్ క్యాలెండర్ కోసం జనం ముందే ఎగబడుతున్నారు. గ్రాఫిక్స్ వాళ్ల స్టాల్లో ఒక లినోకట్ నచ్చింది, అంటే లినోలియం పలక మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. మేకలు, తాటిచెట్టు, ఒక సైకిల్. అడుగున పెన్సిల్‌తో 3/10 అని రాసి ఉంది. మా చెల్లి జాలిగా, "అయ్యో, పదికి మూడే వేశారా మార్కులు?" అంది. అమ్ముతున్న అమ్మాయి పకపకా నవ్వి తెలుగులోకి దిగింది.

"మార్కులు కాదక్కా. ఒక్క అచ్చు మీద పది కాపీలు తీశాను, ఇది మూడోది. పదీ అయ్యాక ఇంక తియ్యను."

మహబూబాబాద్ వైపు పిల్ల. చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారు కూడా ఇక్కడే నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారని తనే గుర్తుచేసింది. గీసినవాళ్లే ఎదురుగా నిలబడి అమ్ముతుంటే బేరం ఆడటానికి నోరు రాలేదు. సరుకుగా చూస్తే టోటోవాడి దగ్గర ఆడినట్టే ఆడేవాళ్లం కాబోలు.

ఒక్క మాట: పగలే వెళ్లండి. సాయంత్రానికి పాటలు, దీపాలు, తొక్కిసలాట. బొమ్మని నిలబడి చూసే చోటుండదు. ఫోన్లో డబ్బు పంపుదామంటే సిగ్నల్ లేదు, కొంత నగదు దగ్గరుంచుకోవాలి.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆవరణంతా తిరిగాం. శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, కంకరరాళ్లతో చేసిన సంథాల్ గిరిజన కుటుంబం శిల్పం దగ్గర చాలాసేపు ఉండిపోయాం. కావడి బుట్టలో పిల్లాడు, వెంట కుక్క, వలసపోతున్న మనుషులు. మన పల్లెల్లోనూ చూసిన దృశ్యమే. మట్టిగోడల మీద తారు పూసి, ఉబ్బెత్తు బొమ్మలు చెక్కిన కాలోబాడీ (నల్ల ఇల్లు) నాకు ఇంకా నచ్చింది. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ నలుపు తెలుపు కుడ్యచిత్రం మాత్రం దగ్గరగా చూస్తే అంతుపట్టదు, రోడ్డవతల నిలబడి చూడాలి.

దగ్గర్లోని సోనాఝురి చేతిపనుల సంత గురించి చాలా చెప్పారు. బావుల్ అనే బెంగాలీ జానపద గాయకుల పాట విన్న పావుగంట తప్ప మిగతాదంతా ఏ ఊరి ఎగ్జిబిషన్లోనైనా దొరికేదే. క్యాంపస్ చూడాలంటే బుధవారం వెళ్లకండి, విశ్వభారతికి వారపు సెలవు.

లినోకట్‌ని గొట్టంలో చుట్టి తెచ్చుకున్నాం. సిరామిక్ కప్పు హౌరాలో బ్యాగు దించుతుండగా పగిలింది. ఇంటికొచ్చాక ఫ్రేము కట్టిస్తే, ప్రింటుకి ఇచ్చినదానికి రెండింతలైంది. అడుగున 3/10 కనబడేలా కట్టమని షాపతనికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.