మా కుక్క బూందీకి ఈస్ట్ పొడి: రెండేళ్లు దాటాక చెబుతున్న మాట

ముందే చెప్పేస్తా: కడుపుకు బాగా పనిచేసింది, దురదకు చేయలేదు, పిడుదులు దీన్ని లెక్క కూడా చేయలేదు. డబ్బా మీద మాత్రం మూడింటికీ మందన్నట్టే రాస్తారు.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధిలో దొరికిన పిల్ల బూందీ. ఏం పెట్టినా విరేచనం పలచగా అయ్యేది. మల పరీక్ష, నులిపురుగుల మందు అయ్యాక డాక్టరుగారు బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) పొడి రాశారు. ఇందులో ఉండేది చచ్చిన ఈస్ట్. దాని కణాల గోడలోని మానాన్ అనే పిండిపదార్థానికి ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా అతుక్కుని, పేగు గోడను పట్టుకోకుండా బయటికి పోతుందట. మొదట్లో గ్యాస్ వల్ల దాని పక్కన కూర్చోలేకపోయాం. మోతాదు సగం చేసి మెల్లగా పెంచాం. తర్వాత విరేచనం గట్టిపడింది, ఇప్పటికీ అలాగే ఉంది.

"కుక్కకి టానికేంది, పెరుగన్నం పెట్టు" అంటుంది అనంతపురం నుంచి వచ్చే మా అత్త. మామూలు రోజుల్లో ఆమె మాట కొట్టేయలేను. కానీ బూందీకి పిడుదుల వల్ల టిక్ ఫీవర్ వచ్చి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టినప్పుడు పెరుగు వల్ల లాభం కనిపించలేదు. పెరుగులో ఉండేది బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ దాన్నీ వదలదు. ఈస్ట్ బ్యాక్టీరియా కాదు, ఒక రకం ఫంగస్, కాబట్టి దాని జోలికి పోదు. అందుకే అప్పుడు డాక్టరుగారు సాకరోమైసిస్ బౌలార్డీ ఇచ్చారు. ఇది బతికున్న ఈస్ట్, పిల్లల విరేచనాలకు మెడికల్ షాపుల్లో అమ్మే సాచెట్ అదే. కోర్సు అయ్యేదాకా కడుపు నిలబడింది. ఫంగస్ మాత్రలు వాడేటప్పుడు మాత్రం ఇది దండగ, ఆ మాత్రలు దీన్నే చంపేస్తాయి.

ఇమ్యూనిటీ గురించి నేను మార్కులు వేయలేను. ఈస్ట్‌లోని బీటా గ్లూకాన్ అనే పదార్థాన్ని రోగనిరోధక కణాలు గుర్తుపడతాయన్నది నిజమే, అయితే మనం కళ్లతో చూసేది కాదు కదా. టీకాలు, పిడుదుల మందు మానేది లేదు.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. కొన్నింట్లో రుచికి వెల్లుల్లి పొడి కలుపుతారు, అది కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. చక్కెర బదులు వాడే జైలిటాల్ ఉంటే అసలు ముట్టుకోవద్దు. ఈస్టే కదా అని బ్రెడ్డు పచ్చిపిండి పెట్టేరు జాగ్రత్త, అది పొట్టలో పొంగి సారా అవుతుంది! వానాకాలంలో పొడి గడ్డకడుతుంది, చిన్న డబ్బాలే నయం.

పై అంతస్తు వాళ్ల లాబ్రడార్‌కి కిడ్నీ జబ్బు. ఈస్ట్‌లో ఫాస్ఫరస్ ఎక్కువని వాళ్ల డాక్టరు వద్దన్నారట. మూత తీయని డబ్బా మాకిచ్చేశారు, ప్రస్తుతం అదే నడుస్తోంది.