స్ఫింక్స్-లింట్: డాక్స్‌లో మార్కప్ తప్పులు పట్టడానికి ఇదొక్కటీ చాలా?

డాక్యుమెంటేషన్‌లో మార్కప్ (పేజీ ఎలా కనపడాలో చెప్పే గుర్తులు) తప్పులు రెండు రకాలు. కొన్ని బిల్డ్ చేసేటప్పుడే వార్నింగ్‌లతో గోల చేస్తాయి. వాటి గురించి నాకు బెంగ లేదు, ఎవరో ఒకరు ఆ రోజే సరిచేసేస్తారు. ఇంకొన్ని చడీచప్పుడూ లేకుండా బిల్డ్ దాటేసి పేజీలో కూర్చుంటాయి. చదివేవాడికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది కానీ ఏమిటో చెప్పలేడు. రాసినవాడు మళ్లీ ఆ పేజీ తెరవడు. అలా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. డాక్స్ సోర్స్‌లో మార్కప్ తప్పులు వెతికే స్ఫింక్స్-లింట్ అనే టూల్ ఎక్కువగా పనికొచ్చేది ఈ రెండో రకానికే. పైథాన్ లైబ్రరీల డాక్స్ చూసుకోవడం నా ఉద్యోగంలో భాగం. తీరిక దొరికినప్పుడు పైథాన్ సొంత డాక్స్‌కి కూడా చిన్న చిన్న ప్యాచ్‌లు పంపుతుంటాను. రెండు చోట్లా దీన్ని వాడుతున్నాను కాబట్టి, బాగున్నదీ బాగోలేనిదీ రెండూ రాస్తాను.

దీని పుట్టుక గురించి రెండు ముక్కలు. పైథాన్ డాక్స్ ఒకప్పుడు లేటెక్‌లో ఉండేవి. జార్జ్ బ్రాండల్ తయారుచేసిన స్ఫింక్స్ (డాక్స్ సోర్స్ ఫైళ్లని వెబ్ పేజీలుగా బిల్డ్ చేసే టూల్) 2008లో బయటికొచ్చింది. అదే ఏడాది విడుదలైన పైథాన్ 2.6 డాక్స్, స్ఫింక్స్ వాడే మార్కప్ భాష రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ (ఆర్‌ఎస్‌టీ)లోకి మారిపోయి వచ్చాయి. ఆ సోర్స్‌లో డాక్స్ టూల్స్ ఫోల్డర్‌లో ఆర్‌ఎస్‌టీలింట్ అని ఒక స్క్రిప్ట్ ఉండేది. దాన్నే విడిగా తీసి, పిప్‌తో ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకునేలా చేస్తే వచ్చిందే స్ఫింక్స్-లింట్. ఉచితం, ఓపెన్ సోర్స్. ఇప్పుడు పైథాన్ డాక్స్ ఫోల్డర్‌లో మేక్ చెక్ అని కొడితే నడిచే చెక్‌లలో ఇదీ ఒకటి.

ఇక అసలు విషయం. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో నోట్ పెట్టాలంటే రెండు చుక్కలు, ఒక స్పేస్, నోట్ అనే మాట, ఆ వెంటనే రెండు కోలన్‌లు ఉండాలి. ఇలా రాసేదాన్ని డైరెక్టివ్ అంటారు. ఒక్క కోలన్ తగ్గిందనుకోండి, ఆ ముక్క మొత్తం కామెంట్ కింద లెక్క. కామెంట్ అంటే పేజీలో కనపడదు. వార్నింగ్ రాదు, ఎర్రర్ రాదు. "ఈ ఫంక్షన్‌కి బయటివాళ్లు ఇచ్చిన డేటా పంపొద్దు, ప్రమాదం" అని మీరు శ్రద్ధగా రాసిన హెచ్చరిక సోర్స్‌లో భద్రంగా ఉంటుంది, చదివేవాళ్లకి మాత్రం అందదు. రివ్యూ చేసేవాళ్లు కూడా డిఫ్‌లో చూసి "బాగుంది" అనేస్తారు, ఎందుకంటే ఒక కోలన్‌కీ రెండు కోలన్‌లకీ తేడా కంటికి ఆనదు. మా టీమ్ డాక్స్ మీద దీన్ని మొదటిసారి నడిపినప్పుడు ఇలాంటివే ముందు బయటపడ్డాయి. "ఇది కామెంటే కానీ డైరెక్టివ్ అనుకుని రాసినట్టుంది" అన్న అర్థంలో మెసేజ్ ఇచ్చి, ఫైలు పేరూ లైన్ నంబరూ చూపిస్తుంది. ఈ ఒక్క చెక్ కోసమైనా దీన్ని ఇన్‌స్టాల్ చేసుకోవచ్చని నా అభిప్రాయం. దీనికి తోబుట్టువు ఇంకొకటుంది: రెండు చుక్కలకి బదులు మూడు చుక్కలు పెట్టేయడం. అప్పుడు టెక్స్ట్ మాయం కాదు, చుక్కలూ కోలన్‌లతో సహా మొత్తం పేజీ మీద తేలుతుంది. అదీ పడుతుంది.

తర్వాత బ్యాక్‌టిక్‌ల (`) గోల. మార్క్‌డౌన్‌లో కోడ్ ముక్కకి అటూ ఇటూ ఒక్కో బ్యాక్‌టిక్ చాలు. ఇక్కడ రెండేసి పెట్టాలి. మార్క్‌డౌన్ అలవాటుతో వచ్చినవాళ్లు, అంటే ఈ రోజుల్లో దాదాపు అందరూ, `లెన్` అని ఒక్కొక్కటే పెడతారు. స్ఫింక్స్ దాన్ని తప్పనదు. రోల్ (ఆ పేరు ఫంక్షనా, మెథడా, ఇంకేమైనానా అని దాని ముందు చెప్పే గుర్తు) చెప్పలేదు కాబట్టి డిఫాల్ట్ రోల్ అనుకుని, ఇటాలిక్‌లో చూపించి ఊరుకుంటుంది. పేజీలో సగం ఫంక్షన్ పేర్లు కోడ్ ఫాంట్‌లో, సగం వాలిపోయి కనిపించే డాక్స్ మీరు చూసే ఉంటారు, కారణం సాధారణంగా ఇదే. స్ఫింక్స్-లింట్ దీన్ని పట్టగలదు, కానీ డిఫాల్ట్‌గా పట్టదు! డిఫాల్ట్-రోల్ అనే చెక్‌ని ఎనేబుల్ ఆప్షన్‌తో మనమే ఆన్ చేసుకోవాలి. డిఫాల్ట్ రోల్‌ని కావాలనే సెట్ చేసుకుని వాడే ప్రాజెక్టులు ఉన్నాయి కాబట్టి ఇలా ఉంచారని అర్థం చేసుకోగలను. అయినా కొత్తవాడికి ఈ సంగతి ఎవరు చెప్తారు? టూల్ నడిపి, ఏమీ రాకపోతే "మన డాక్స్ క్లీన్" అని సంబరపడతాడు. పైథాన్ వాళ్లు తమ ప్రీ-కమిట్ (కమిట్‌కి ముందు చెక్‌లు నడిపే) సెటప్‌లో దీన్ని ఆన్ చేసే ఉంచారు. మీరూ మొదటి రోజే ఆన్ చేసుకోండి.

తెలుగులో డాక్స్ రాసేవాళ్లకీ అనువదించేవాళ్లకీ ప్రత్యేకంగా చెప్పాల్సినది ఒకటుంది. మనం ``లిస్ట్``లో, ``డిక్ట్``కి అని విభక్తి అతికించి రాస్తాం. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ నియమం ప్రకారం ముగింపు బ్యాక్‌టిక్‌ల తర్వాత స్పేస్ కానీ విరామ చిహ్నం కానీ ఉండాలి. అక్షరం ఉంటే అది ముగింపే కాదు. అప్పుడు పార్సర్ ముందుకి వెతుక్కుంటూ పోతుంది. అదే పేరాలో తర్వాతెక్కడో సరిగ్గా ముగిసిన ఇంకో కోడ్ ముక్క ఉంటే, అక్కడిదాకా వాక్యం మొత్తాన్ని కోడ్ కింద చూపించేస్తుంది, వార్నింగ్ లేకుండా. మధ్యలో ఉన్న తెలుగంతా కోడ్ ఫాంట్‌లో, బ్యాక్‌టిక్‌లతో సహా! ఇంగ్లిష్‌లో బహువచనం అతికించినప్పుడు వచ్చే తిప్పలే ఇవి, కాకపోతే వాళ్లకి ఎప్పుడో ఒకసారి, మనకి ప్రతి వాక్యంలో. విరుగుడు ఏమిటంటే ముగింపు బ్యాక్‌టిక్‌ల తర్వాత ఒక బ్యాక్‌స్లాష్, ఒక స్పేస్ పెట్టి, ఆపైన విభక్తి రాయడం: ``లిస్ట్``\ లో. పేజీలో ఆ స్పేస్ కనపడదు, మాట అతుక్కునే వస్తుంది. స్ఫింక్స్-లింట్ ఈ తప్పుల్ని ఆర్‌ఎస్‌టీ ఫైళ్లలోనే కాదు, అనువాదాల పీఓ ఫైళ్లలో కూడా వెతుకుతుంది. నాకు దీని మీద గురి కుదిరింది అక్కడే. పీఓ ఫైలుని మామూలు ఎడిటర్‌లో తెరిచి దిద్దేవాళ్లు బ్యాక్‌స్లాష్‌ని రెండుసార్లు కొట్టాలని గుర్తుంచుకోండి, ఆ ఫార్మాట్‌లో ఒక్కటే ఉంటే దాని అర్థం వేరు.

వేగం సంగతి చెప్పనక్కర్లేదు. ఇది స్ఫింక్స్‌ని నడపదు, పూర్తి పార్సింగ్ చేయదు, ఎక్కువగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లతో లాగించేస్తుంది. అందుకే కమిట్ చేసే ముందు ప్రతిసారీ నడిపినా విసుగు రాదు. దాని వల్లే కొన్ని పరిమితులు కూడా వచ్చాయి. టేబుల్స్ దీనికి అర్థం కావు. గళ్ల మధ్య లైను విరిగి కింది లైన్‌లో కొనసాగితే, ఏది దేనికి కొనసాగింపో తెలియక, బాగున్నదాన్ని కూడా తప్పంటుంది. ఈ లోపాన్ని వాళ్ల రీడ్‌మీలో వాళ్లే ఒప్పుకున్నారు, అది నచ్చింది. టేబుల్స్ నిండా ఉన్న ఫైలుంటే ఇగ్నోర్ ఆప్షన్‌తో పక్కన పెట్టేయడమే సుఖం.

చాలామంది అడిగేది: తప్పులు అదే సరిచేస్తుందా? చేయదు. చూపించడమే దాని పని. మొదట్లో నాకూ చిరాకేసింది కానీ ఇప్పుడు ఇదే నయమనిపిస్తోంది. ఒంటి బ్యాక్‌టిక్‌లో ఉన్న పేరు ఏమైనా కావచ్చు. ఫంక్షన్ అయితే ఫంక్ రోల్ ఇచ్చి లింక్ చేయాలి, మెథడ్ అయితే మెత్ రోల్. ట్రూ, నన్ లాంటి విలువలైతే రెండు బ్యాక్‌టిక్‌లు. ఫంక్షన్‌కి ఇచ్చే పారామీటర్ అయితే పైథాన్ స్టైల్ గైడ్ ప్రకారం అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టి ఇటాలిక్‌లో ఉంచాలి. ఏది ఏదో తెలియాలంటే వాక్యం చదవాలి. ఒకసారి ఒక కాంట్రిబ్యూటర్, టెక్స్ట్‌ని మూకుమ్మడిగా మార్చే సెడ్ కమాండ్‌తో ఒంటి బ్యాక్‌టిక్‌లన్నీ జంటలు చేసి పంపించాడు. రోల్స్ లోపలి బ్యాక్‌టిక్‌లు కూడా జంటలైపోయి, అప్పటిదాకా పనిచేస్తున్న లింకులన్నీ పోయాయి. డిఫ్ చూస్తే తల తిరిగింది. రివ్యూ చేసేకంటే మళ్లీ మొదటినుంచి చేసుకోవడమే తేలికైంది.

ఇది పట్టలేనివి కూడా చెప్పాలి. ఫంక్ రోల్‌లో పేరు తప్పు రాస్తే దీనికి తెలియదు, ఆ పేరుతో ఫంక్షన్ ఉందో లేదో చూసే పని దీనిది కాదు. స్ఫింక్స్ కూడా మామూలుగా నోరెత్తదు, లింక్ లేకుండా పేరు మాత్రం చూపిస్తుంది. దానికి స్ఫింక్స్-బిల్డ్‌ని నిట్‌పికీ మోడ్‌లో నడపాలి. అప్పుడు తెగిపోయిన రిఫరెన్సులన్నీ వరుసగా వస్తాయి. పాత ప్రాజెక్ట్ అయితే ఆ జాబితా చూసి టెన్షన్ పడకండి, పైథాన్ వాళ్లే వార్నింగ్‌లు ఇంకా మిగిలిన ఫైళ్లకి ఒక మినహాయింపు జాబితా పెట్టుకుని మెల్లమెల్లగా తగ్గించుకుంటున్నారు. ఇంకొకటి: పేరాకీ దాని కింది బుల్లెట్ లిస్ట్‌కీ మధ్య ఖాళీ లైన్ వదలకపోతే, బుల్లెట్లన్నీ పేరాలో కలిసిపోయి డాష్‌లతో ఒకే ముద్దగా వస్తాయి. ఇది కూడా మన కళ్లే పట్టాలి. అన్నిటికంటే మోసం చేసేది రెండు హైఫన్‌ల సంగతి. కమాండ్‌లైన్ ఆప్షన్‌ని బ్యాక్‌టిక్‌లు లేకుండా మామూలు వాక్యంలో రాస్తే, స్ఫింక్స్‌లో కోట్స్‌నీ డాష్‌లనీ అందంగా మార్చే స్మార్ట్‌కోట్స్ ఫీచర్ ఆ రెండు హైఫన్‌లని కలిపి ఒక పొడుగు డాష్ చేసేస్తుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది. పాఠకుడు కాపీ చేసి టెర్మినల్‌లో వేసుకుంటే పనిచేయదు. పొరపాటు ఎక్కడుందో అతను పేజీ చూసి కనిపెట్టలేడు.

ఇలాంటివే వేరే టూల్స్ ఉన్నాయి. డాక్8 లైన్ పొడవు మీద ఎక్కువ పట్టుదలగా ఉంటుంది, డిఫాల్ట్‌గా 79 అక్షరాలు దాటనివ్వదు. ఆర్‌ఎస్‌టీచెక్ అయితే కోడ్ బ్లాకుల లోపలి సింటాక్స్ కూడా చూస్తుంది, అది నిజంగా ప్లస్ పాయింటే. రెండూ వాడాను. చివరికి నాతో ఉండిపోయింది స్ఫింక్స్-లింట్, ఎందుకంటే అది అరిచిందంటే టేబుల్స్ తప్ప మిగతా చోట్ల ఏదో నిజంగానే ఉంటుంది. ఊరికే అరిచే లింటర్‌ని వారం తిరక్కముందే టీమంతా పట్టించుకోవడం మానేస్తుంది.

పాత డాక్స్ మీద మొదటిసారి వేసేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోండి. లైన్ చివర మిగిలిపోయిన స్పేస్‌లు, ట్యాబ్‌లు లాంటివి అన్నిటికంటే ఎక్కువ వస్తాయి. వాటిని ఒక కమిట్‌లో విడిగా తీసేసి, ఆ కమిట్ నంబర్‌ని గిట్ బ్లేమ్ వదిలేసే ఫైలులో చేర్చండి. కోలన్‌లు, బ్యాక్‌టిక్‌లు, రోల్స్ దిద్దినవి వేరే కమిట్‌లో పెట్టండి, ఒక్కో అధ్యాయానికి ఒక పుల్ రిక్వెస్ట్ చొప్పున. వాక్యాలు మెరుగుపరచాలని చెయ్యి లాగుతుంది కానీ అందులో మాత్రం మాట మార్చకండి. మార్కప్ మార్పు ఒక్కటే ఉంటే రివ్యూయర్ ఐదు నిమిషాల్లో మెర్జ్ చేస్తాడు, మధ్యలో ఒక్క వాక్యం తిరగరాశారంటే చర్చ దాని మీదకి పోతుంది, మిగతావన్నీ అక్కడే ఆగిపోతాయి.